స్త్రీనామాంత్యవర్ణ విమర్శనము

పుట్టిన బిడ్డకుఁ బేరిడునపుడు మొదటి యక్షరము విషయమున లోకమునకు సంశయము లేదు. జన్మనక్షత్రమున కే పాదమైన నా పాదమునకుఁ జెప్పఁబడిన యక్షరము పంచాంగమున నచ్చుపడియే యుండును. చూచి చెప్పుటకుఁ బురోహితుఁడు చాలును. చివరి యక్షరము మాట యట్లు గాదు. ఆఁడుబిడ్డ పేరు దీర్ఘముతో ముగియవలెనని యొకరు, ఆకారాంతమే కావలెనని యొకరు, తుదను రేఫలకారము లుండరాదని యొకరు, బేసియక్షరములే యుండవలెనని యింకొకరు చెప్పుదురు. చెప్పువారిలోఁ బెక్కండ్రు ప్రమాణము చూపరు. చూపినవా రది యే ప్రకరణములోనిదో చెప్పరు. సిరిసిల్ల, వేములవాడ, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములందు ఈ చర్చకు మఱియొక చిక్కు తోడైనది. అచ్చటి యాఁడువారి పాతపేళ్ళు రాజవ్వ, మల్లవ్వ, ఎల్లవ్వ, లచ్చవ్వ, గంగవ్వ యని 'అవ్వ' శబ్దముతో ముగియును. ఈ యంతము గ్రామ్యమనియు శాస్త్రమున కెక్కనిదనియుఁ దలఁచి బడిపట్టీలో రాజవ్వను రాజేశ్వరిగా దిద్దు నలవాటు బోధకులలోఁ గలదు. ఆ దిద్దుబాటు శాస్త్రము పేరనే జరుగుచున్నది గావున శాస్త్రమేమి చెప్పినదో ముందు తేలవలెను.

మనుస్మృతి ద్వితీయాధ్యాయమున స్త్రీనామమునకు లక్షణములు గలవు. పలుకుటకు సుఖమై, క్రూరార్థము లేక, అర్థము స్పష్టమై, మనోహరమై, మంగళకరమై, దీర్ఘవర్ణాంతమై, ఆశీర్వాదమును దెలుపునదై యుండవలెనని తాత్పర్యము. కుల్లూకభట్టు దీనికి యశోదాదేవి యను పేరు నుదాహరించెను. పారస్కరుఁడు గృహ్యసూత్రమున నీ నియమము నింకను బిగించి, బాలిక పేరు బేసియక్షరములు గలదై, ఆకారాంతమై, తద్ధితాంతమై యుండవలెననెను. ఆశ్వలాయనుఁడు పురుషులకు సరి, స్త్రీలకు బేసి యని సంఖ్యతోనే ముగించెను. ఆంధ్రబ్రాహ్మణులలోఁ బెక్కండ్రకు సూత్రకారుఁడైన యాపస్తంబుఁడు పదునైదవ ఖండమున మగబిడ్డ పేరునకు మొదలు, నడుమ, తుద యెట్లుండవలెనో విస్తరించి చెప్పి, కుమారి పేరు బేసియక్షరములు గలది కావలెనని యొక్క మాటతో విడిచెను. పతంజలి మహాభాష్యమునఁ బస్పశాహ్నికమందు యాజ్ఞికుల మాటగా నెత్తుకొన్న నామలక్షణము పుత్రునకుఁ జెప్పఁబడినది. అందుఁ బేరు కృదంతము కావలెను గాని తద్ధితాంతము కారాదని స్పష్టముగా నున్నది. పుత్రునకు నిషిద్ధమైన తద్ధితమే పారస్కరునిచేఁ బుత్రికకు విహితమైనది. పేరు తుదను జూచినంతనే యది స్త్రీదో పురుషునిదో తెలియవలెనను తలంపు దీనికి మూలమై యుండవచ్చును.

ఈ వాక్యములను బ్రక్కప్రక్కన నుంచి చూచినచో నొక విషయము దాఁగదు. ఆకారాంతనియమము పారస్కరునిది మాత్రమే. దానినే సార్వత్రికముగాఁ బట్టుకొన్నచో లక్ష్మీ, గౌరీ, పార్వతీ, సావిత్రీ శబ్దములలో నొక్కటియుఁ బేరుగాఁ బనికిరాదు. మనువు 'దీర్ఘవర్ణ' మనుటచేత ఈకార ఊకారములకుఁ జోటు దొరకినది. శుక్లయజుర్వేదులకు వ్రాసిన సూత్రమునుఁ దెచ్చి యాపస్తంబీయుల యింటఁ జదివి, శాంత యను పేరు మంచిది, శాంతి యను పేరు చెడ్డది యని తీర్పు చెప్పుట శాఖాభేదమును మఱచుట.

ఇఁక రేఫలకారముల మాట. దీనికిఁ బ్రమాణము లేకపోలేదు. ఆపస్తంబుఁడు మూడవ ఖండమున, నక్షత్రము పేరు, నది పేరు, చెట్టు పేరు గల కన్యలు గర్హితలని చెప్పి, వెంటనే రేఫముగాని లకారముగాని యుపాంతమందుఁ గల పేరున్నవారినందఱను వరణమున వర్జింపవలెననెను. వాత్స్యాయనుఁడును గామసూత్రముల కన్యాసంప్రయుక్తాధికరణమున నీ మాటనే చెప్పెను. ఉపాంతమనఁగా నంత్యమునకు ముందున్నది. వ్యాకరణమున దీనినే యుపధ యందురు. కడపటి వర్ణమునకుఁ బూర్వమందలి వర్ణ ముపధ యని పాణిని సంజ్ఞ చేసెను. గౌరీ యనుచోఁ గడపటి వర్ణము ఈకారము, ఉపధ రేఫము. కమలా యనుచో నుపధ లకారము. లోకము చివరి యక్షరమని చెప్పునది 'రీ', 'లా' యను హల్లుతోఁ గూడిన యచ్చు. వ్యాకరణము విడఁదీసి చూచునది వర్ణము. మాట వేఱైనను ఫలమొక్కటియే గావున, రకారలకారములు 'చివర' నుండరాదని వాడుకలోఁ బడినది.

ఈ నియమము వలపన్నినచో నెవ్వరు చిక్కుదురు? గౌరి, ఇందిర, మధుర, రాజేశ్వరి, భువనేశ్వరి. కమల, విమల, నిర్మల, మంజుల, సుశీల. ప్రాతఃస్మరణీయలుగాఁ బేర్కొనఁబడు పంచకన్యలలో అహల్య, ద్రౌపది, సీత గడచిపోవుదురు. తార, మండోదరి పట్టుపడుదురు. వేములవాడ రాజరాజేశ్వరస్వామి ప్రక్క నున్న దేవి పేరే రాజరాజేశ్వరి. ఆ దేవి పేరు పెట్టుకొనఁగూడదని చెప్పఁగల పురోహితుఁ డా గుడిపరిసరములఁ బుట్టలేదు.

విరోధము సూత్రకారునిలోనే యున్నట్లు తోఁచును. విమలా యను పేరు మూఁడక్షరములది. పదునైదవ ఖండము ననుసరించి తండ్రి బిడ్డ కాపేరు నిర్దోషముగా నిడవచ్చును. ఆ బిడ్డయే పెరిగి పెండ్లియీడునకు వచ్చినపుడు మూడవ ఖండము చేతఁబట్టుకొని వరుఁడు కాదనవచ్చును. తండ్రి విధిని బాటించి, కూఁతురు నిషేధమునకు లోనగుట యేమి న్యాయము? ప్రకరణమును జూచినచో నీ చిక్కు కొంత విడును. రేఫలకారనిషేధము నామకరణమున లేదు, కన్యావరణమున నున్నది. అది తండ్రికిఁ జెప్పినది కాదు, వరునకుఁ జెప్పినది. నామకరణమున నిషేధమే యిష్టమైనచో మగబిడ్డ పేరులోని వర్ణములను వరుసగా నెంచిన సూత్రకారుఁడు కుమారి విషయమున నొక్కమాట చేర్చుటకు బద్ధకింపఁడు. అదిగాక, మూడవ ఖండము తుదనే యాతఁడు కొందఱి మతమును జూపెను: ఏ కన్యయందు మనస్సును జూపును నిలుచునో యా కన్యయందే సమృద్ధి గలదు, తక్కినది లెక్కింపఁ బనిలేదని వారి యభిప్రాయము. పేళ్ళ తుదలనుబట్టి సంబంధములు విఱుచువారు ఖండమును సగమే చదివిరని దీనివలనఁ దెలియుచున్నది. పూర్వమొక యింటఁ బెండ్లిలోఁ గోడలిపేరు మార్చిరనఁగా, ఇంకొక యింట సంబంధమే వదలుకొనిరనఁగా, నష్టపడినది పేరు పెట్టినవాఁడు కాఁడు.

ఇంతవఱకు సంస్కృతము. తెనుఁగునకు వచ్చునప్పటికి మనువు చెప్పిన దీర్ఘమే నిలువదు. పరవస్తు చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణమునఁ దత్సమపరిచ్ఛేదము చదివిన బాలురకు సైత మీ విషయము తెలియును. సంస్కృతమున దీర్ఘాంతములైన స్త్రీలింగశబ్దములు తెనుఁగునఁ దత్సమములగునపుడు తుద హ్రస్వమగును: రమా రమ యగును, గౌరీ గౌరి యగును. కుల్లూకుని యశోదాదేవియుఁ దెలుఁగునఁ బ్రథమలో హ్రస్వాంతయే. కావున మనువు వాక్యమును దెలుఁగుపేళ్ళకు యథాతథముగా నన్వయించినచో నాంధ్రదేశమున శాస్త్రీయమైన స్త్రీనామమే యుండదు. అన్వయింపరాదన్నచోఁ బేరు సంస్కృతప్రాతిపదికరూపమున దీర్ఘాంతమైనఁ జాలునని యొప్పుకొనవలెను. అప్పుడు సంకల్పమునఁ జదువు పేరొకటి, ఇంటఁ బిలుచు పేరొకటి యగును. నిజముగ జరుగుచున్నదియు నిదియే.

హ్రస్వవిధికి లొంగని శబ్దములు కొన్ని గలవు. శ్రీ, స్త్రీ, ధీ మొదలైన యేకాచ్కములు దీర్ఘమును విడువవు. సమాసము తుదనున్నను శ్రీశబ్దము లోకమున దీర్ఘముగనే వినఁబడును: జయశ్రీ, భాగ్యశ్రీ. ఇప్పటి తల్లిదండ్రులు కూఁతురి పేరునకుఁ దుదను శ్రీశబ్దమును దగిలించుట కొత్తపుంతయని పండితులు పరిహసింతురు గాని, తెలుఁగువాని నోట మనువు కోరిన దీర్ఘవర్ణము చెక్కుచెదరక నిలుచున దా పేళ్ళలోనే. ఉపధ మాత్రము రేఫమే! మనువును సంతోషపెట్టిన పే రాపస్తంబుని వరునకు నచ్చదు.

'ఇక' తుదగాఁ గల పేళ్ళు వేఱు తెగకుఁ జేరినవి. బాలికా, కారికా శబ్దములలోఁ గకారమునకు ముందు ఇకారము వచ్చుటకుఁ బాణినీయమున విధి గలదు. అక్కడఁ బ్రకృతియుఁ గలదు, ప్రత్యయమును గలదు. ఇప్పటి పద్ధతి తలక్రిందులు. అంత్యమును ముందు కోరుకొని, దానికి సరిపోవు మొదలును బిమ్మట వెదకుదురు. కేవలప్రకృతిని గాని కేవలప్రత్యయమును గాని ప్రయోగింపరాదని శాబ్దికుల మర్యాద. ఈ పేళ్ళలోఁ బెక్కింటఁ బ్రత్యయము మాత్రమే కనఁబడును. ఇటీవల వ్యాపించిన 'ఋత్విక' యను పేరు దీనికిఁ దగిన సాక్షి. యజ్ఞము చేయించువానిఁ దెలుపు శబ్దము ఋత్విజ్, జకారాంతము. ప్రథమైకవచనమున జకారమునకుఁ గుత్వము వచ్చి ఋత్విక్ అని యగును. విభక్తికార్యమువలన వచ్చిన యా కకారమును శబ్దము తుదయని భ్రమించి, దానికి ఆకారమును జేర్చి స్త్రీనామము చేసిరి. ఇట్లు పుట్టిన మాటకు మనువు చెప్పిన స్పష్టార్థత్వ మెక్కడిది? అంత్యవర్ణముపై మోజు చేసిన చెఱుపులలో నిది పెద్దది. బిడ్డ పెద్దదై పేరున కర్థమేమని యడిగినపుడు చెప్పవలసినవాఁడు మరల పాఠశాలాపండితుఁడే.

తెలుఁగు మాత్రము తనకుఁ దగిన తుదను దాను బూర్వమే యేర్పఱచుకొన్నది. పురుషనామములకు డువర్ణకము గలదు, రాముఁడు, సోముఁడు. స్త్రీనామములకు సంస్కృతదీర్ఘము పోఁగా లింగమును దెలుపు చిహ్నమేదియు మిగులలేదు. రామయను నాఁడుదాని పేరును, సమాసమున డువర్ణకము పోయిన రామశబ్దమును జెవికొక్కటే. ఆ లోటును బంధువాచకములు దీర్చినవి: మగవారికి అయ్య, అన్న, అప్ప; ఆఁడువారికి అమ్మ, అక్క, అవ్వ. తాళ్ళపాక తిమ్మక్క, రంగాజమ్మ యను కవయిత్రుల పేళ్ళు ఈ తీరువి. కాకతీయవంశపు శాసనములలో మైలమ యని తెలుఁగునను, మైలాంబ యని సంస్కృతచ్ఛాయతోను నొక్క రాణి పేరే కనఁబడుట గమనింపఁదగినది. గణపాంబ, ముప్పమాంబ, తరిగొండ వెంగమాంబ యనునవి యమ్మకు సంస్కృతవేషము వేసిన రూపములు. గూడూరుశాసనములోని కామసానివలె సానిశబ్దము తుదగాఁ గల పేళ్ళును నాఁడు గౌరవమునఁ జెల్లినవి.

ఈ కాలమున రాయలసీమయందును గోస్తాయందును అవ్వయనఁగా నమ్మమ్మయో నాయనమ్మయో యగును. తెలంగాణమున నవ్వ తల్లి. సిరిసిల్ల సీమలో దేవతల పేళ్ళు తఱచుగా నమ్మతో ముగియును, మనుష్యుల పేళ్ళవ్వతో ముగియును: దేవత ఎల్లమ్మ, మ్రొక్కి కన్న బిడ్డ ఎల్లవ్వ, దేవత పోచమ్మ, బిడ్డ పోచవ్వ. వేములవాడ రాజన్నకు మ్రొక్కి కన్నది మగబిడ్డయైన రాజయ్య, ఆఁడుబిడ్డయైన రాజవ్వ. గోదావరికి దాపైన ధర్మపురి, కోరుట్ల, జగిత్యాల ప్రక్కల గంగవ్వలు మెండు. ఆపస్తంబుని నదీనామనిషేధము వారికిఁ దగులును గాని, గోదావరి నీరు త్రాగువా రా నిషేధమును బాటింపకపోవుట యాశ్చర్యము కాదు.

ఈ యవ్వ నిన్నమొన్నటిది కాదు. సిరిసిల్లకు దూరము కాని కుఱిక్యాలయందు బొమ్మలమ్మగుట్టపైఁ గన్నడకవి పంపని తమ్ముఁడు జినవల్లభుఁడు వేయించిన శాసనము గలదు. క్రీ.శ. 945 ప్రాంతమునకుఁ జెందిన యా శాసనము సంస్కృత కన్నడాంధ్రముల మూఁటను నున్నది. అందలి కందపద్యములు తెలుఁగుపద్యచరిత్రమునకు మిక్కిలి విలువగలవి. అందు జినవల్లభుని తల్లి పేరు అబ్బణబ్బె. తుదనున్న 'అబ్బె' తల్లిని దెలుపు మాట. కన్నడదేశపు దానశీల యత్తిమబ్బె పేరుననున్నదియు నిదియే. బకారద్విత్వము వకారద్విత్వముగా మాఱుట భాషాశాస్త్రమున వింత గాదు. అబ్బెకును నవ్వకును బాంధవ్యము స్ఫుటము. వేములవాడ చాళుక్యుల యేలుబడిలోఁ గవివంశమున గౌరవముగాఁ జెల్లిన నామాంతమే వేయేండ్ల పిమ్మట నదే సీమలో సాలెవారి యిండ్ల వినఁబడుచుండఁగా, దానిని గ్రామ్యమని త్రోయువారు గ్రామ్యమను మాటకే యర్థము మార్చినవారగుదురు.

సంధికార్యముచే నిందు జరుగు నద్భుత మొకటి గలదు. లక్ష్మికిఁ దద్భవమైన లచ్చి యవ్వతోఁ గూడినపుడు ఇకారము లోపించి లచ్చవ్వ యగును. గౌరి యమ్మతోఁ గూడి గౌరమ్మ యగును. ప్రకృతి తుద సంధిలోఁ బోయి, బంధువాచకము తుదయే పేరునకుఁ దుదయగును. అప్పు డుపధ రేఫము కాదు, లకారము కాదు. మకారమో వకారమో యగును. గౌరి యను పేరున రేఫోపాంతదోషము గలదు, గౌరమ్మ యను పేరున లేదు. ఎల్ల, మల్ల యనువానికి లకారము గలదు, ఎల్లవ్వకు మల్లవ్వకు లేదు. సంఖ్యయును మాఱును. గౌరి రెండక్షరములు, గౌరమ్మ మూఁడు. రాజ రెండు, రాజవ్వ మూఁడు. ఆపస్తంబుఁడు కోరిన బేసి తనంతఁ దాను సిద్ధించును. బతుకమ్మనాళ్ళలోఁ బసుపుముద్దను గౌరమ్మగా నిలుపు సిరిసిల్ల యాఁడువా రెవ్వరును గృహ్యసూత్రముల నెఱుఁగరు. ఎఱిఁగి చేసిరనుట యసంగతము. అన్నియెడల నిట్లు కుదురదు గూడ. కమల మూఁడక్షరములది, అమ్మ చేరి కమలమ్మ యైనపుడు లకారదోషము తొలఁగును గాని సంఖ్య నాలుగై సరి యగును. ఒక చేత నిచ్చినది మఱియొక చేతఁ బోయినది. కావున దేశ్యనామాంతములు శాస్త్రమునకు లోఁబడి పుట్టెనని వాదింపరాదు. శాస్త్రమునకు విరోధులని త్రోయుటకును దావు లేదు. అంతవఱకే సిద్ధాంతము.

ఈ సిద్ధాంతముతో బడిపట్టీని దెఱచి చూడవలెను. రాజవ్వ యను పేరు మూఁడక్షరములది, బేసి, ఉపధ వకారము. రాజేశ్వరి నాలుగక్షరములది, సరి, ఉపధ రేఫము. గ్రామ్యమును దిద్ది శాస్త్రీయము చేయఁబూనిన బోధకుఁడు నిర్దోషమైన పేరును దీసి, యాపస్తంబుఁడు చెప్పిన రెండు దోషములును గల పేరును వ్రాసెను! రాజేశ్వరి చెడ్డపేరని చెప్పుట కాదు. దానిని దల్లిదండ్రులు పెట్టినచో ననర్ఘమైన పేరే. వారు పెట్టని పేరును శాస్త్రము పేరఁ బెట్టుటకే ప్రమాణము లేదు. 2016లో సిరిసిల్ల కేంద్రముగా జిల్లా యేర్పడినపుడు దానికి రాజన్న సిరిసిల్ల యని పేరిడిరి. ప్రభుత్వపత్రములందుఁ బురుషవాచకమైన 'అన్న' నిలిచినది, ఎవ్వరికిని గ్రామ్యమని తోఁపలేదు. ఆ రాజన్న పేరనే పుట్టిన రాజవ్వకు మాత్రము బడిలో దిద్దుబాటు కావలసివచ్చినది.

దీర్ఘము మాట యింకొకటి మిగిలినది. పేరు పిలుచుటకుఁ గదా. సంస్కృతమున లక్ష్మీ, గౌరీ శబ్దములు ప్రాతిపదికమున దీర్ఘాంతములై, సంబోధనమున హ్రస్వమును బొందును; నదీసంజ్ఞకములకును, అంబార్థకములకును సంబుద్ధిలో హ్రస్వమని పాణిని సప్తమాధ్యాయమున విధించెను. తెలుఁగున దీనికిఁ దిరుగుడు. ప్రాతిపదికము హ్రస్వాంతము, పిలుపు దీర్ఘాంతము: గౌరీ, సీతా, రాజవ్వా! ప్రొద్దుగూఁకి మగ్గముల చప్పుడు నడుమఁ దల్లి బిడ్డను బిలిచినప్పుడెల్ల మనువు కోరిన దీర్ఘవర్ణ మా పేరు తుదకు వచ్చి చేరుచున్నది. అంబార్థకముల కుదాహరణముగాఁ గాశికావృత్తికారు లంబాశబ్దముతోఁ బాటు తల్లియను నర్థముననే చూపిన మాటలలో 'అక్కా' యొకటి. తెలుఁగుపేళ్ళ తుదనున్న యక్క యా శబ్దమునకుఁ జుట్టమో కాదో శాబ్దికులు విచారింపఁదగును.